గుజరాతీ అంకెల గడియారం

2020 జూలై మొదటి వారంలో నన్ను సూరత్‌లోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కోవిడ్ విభాగం హెల్ప్ డెస్కుకు మార్చారు. అప్పటికి నా హోదా మెడికల్ సోషల్ ఆఫీసరు. సర్వీసు ముప్ఫై ఏళ్లు దాటింది, రిటైర్మెంటుకు ఏడాదిన్నర మిగిలి ఉంది. ఇంట్లోవాళ్లు సెలవు పెట్టమన్నారు. వయసు చూపించి మినహాయింపు అడిగితే ఇచ్చేవారే. నేను అడగలేదు. ధైర్యం ఎక్కువై కాదు, ఇంట్లో కూర్చుంటే నాకు తోచదు.

మా ఉద్యోగం ఒకటుందని చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. డాక్టరు జబ్బు చూస్తాడు, సిస్టరు మందూ మంచమూ చూస్తుంది. రోగి వెనక ఉన్న ఇల్లు, ఊరు, మనుషులను చూసుకోవడం మా పని. కోవిడ్ రోజుల్లో బంధువులను లోపలికి రానిచ్చేవారు కాదు. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేసి, బల్లలకు ప్లాస్టిక్ తెర కట్టి మమ్మల్ని కూర్చోబెట్టారు. లోపలివాళ్ల పరిస్థితి చెప్పడం, వీడియో కాల్ కలపడం, మరిచిపోయిన కళ్లజోళ్లు, కట్టుడుపళ్లు లోపలికి పంపడం, ఇదంతా మా లెక్కే.

అసలు కష్టం పేరు చెప్పలేని రోగులతో. అలాంటివాళ్లు వస్తే కేసు పేపరు మీద ‘అజ్ఞాత పురుషుడు’ అని రాసి ఒక నంబరు వేస్తారు. వాళ్ల ఒంటి మీద దొరికినవన్నీ వార్డు సిస్టరు ఒక కాగితం మీద ఎక్కించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి, వస్తువులను పారదర్శకమైన సంచిలో పెట్టి సీలు వేస్తుంది. ఆ కాగితాన్ని అక్కడ ‘సామాన్ యాదీ’ అంటారు. మా కరీంనగర్ వైపు యాది అంటే జ్ఞాపకం, సూరత్‌లో యాదీ అంటే జాబితా. ముప్ఫై ఏళ్లు ఈ రెండు మాటల మధ్యే బతికినా ఆ తేడా ఎప్పుడూ నన్ను ఆపి నిలబెట్టలేదు.

జూలైలో నా జాబితాలో ఉన్న అజ్ఞాతులలో ఏడో నంబరు ఆయన. వయసు డెబ్బై పైన. కడోదరా దగ్గర హైవే పక్కన, బస్సులు ఆగే చోట పడి ఉంటే అంబులెన్సువాళ్లు తెచ్చారు. ఒంట్లో ఆక్సిజన్ బాగా తగ్గి, స్పృహ సరిగ్గా లేదు. మాస్కు సరిగ్గా అతకాలని గడ్డమూ మీసమూ తీసేశారు. రెండో రోజుకు కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. రెసిడెంట్ డాక్టరు గుజరాతీలోనూ హిందీలోనూ అడిగి చూసి, ‘మాట లేదు, చెప్పింది అర్థం చేసుకోవడం లేదు’ అని రాశాడు. మొబైలు లేదు, జేబులో కాగితం ముక్క లేదు. యాదీలో ఉన్నవి మూడే: ఒక చొక్కా, ఒక ధోవతి, ఒక చేతి గడియారం. గడియారం ఎదురుగా వార్డు సిస్టరు కైలాస్‌బేన్ గుజరాతీలో ఇలా రాసింది: ‘జెంట్స్ వాచ్, కీ ఇచ్చేది, కంపెనీ పేరు లేదు, గుజరాతీ అంకెలు.’

కైలాస్‌బేన్‌ను నేను ఏమీ అనను. పీపీఈ కిట్ లోపల చెమటలు కారుతూ, కళ్లజోడు నిండా ఆవిరి పట్టి, ముప్ఫై మంచాల మధ్య నిలబడి అంత పొందికగా యాదీ రాసిన మనిషి ఆమె. ఆ గడియారం ముఖం మీద పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది, ఈ నాలుగు చోట్లే అంకెలున్నాయి, మిగతావి గీతలు. మూడు చూస్తే అచ్చం గుజరాతీ మూడే. ఆరు కూడా దాదాపు అదే. పన్నెండులో రెండు సరిపోయింది కానీ ఒకటి మాత్రం మూతి పూర్తిగా మూయని సున్నాలా ఉంది. తొమ్మిదికి లేని కొక్కెం ఒకటి ఉంది. పాతబడి రంగు పోతే ఎవరో మళ్లీ దిద్దించి ఉంటారని కైలాస్‌బేన్ అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ఆయన వచ్చిన మూడో రోజు నా బల్ల దగ్గరికి ఒక తెలుగామె వచ్చింది. పేరు లక్ష్మి, పర్వత్ పాటియాలో ఉంటుంది, భర్త మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. ముఖానికి దుపట్టా చుట్టుకుని, తెరకు అటువైపు నుంచి నా యాస పట్టేసింది.

“మేడం, మీరు మనోళ్లేనా? జర మా నాయినను చూడుండ్రి. నాలుగొద్దులాయె కనవడ్తలేడు. ఊరికి పోత, ఊరికి పోత అంటుండె. పొద్దుగాల లేచి చూస్తే మంచం ఖాళీ.”

ఆమె తండ్రి కొమురయ్య ఫిబ్రవరిలో కూతురిని చూడడానికి వచ్చి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయాడట. నేను విచారణ రిజిస్టరు తీసి గళ్లు నింపాను. పేరు, వయసు, భాష, ఫోన్ నంబరు. గుర్తులు ఏమైనా ఉన్నాయా అని అడిగాను.

“చేతికి మా అమ్మ గడియారం పెట్టుకుంటడు మేడం. అమ్మ సచ్చిపోయిన కాడికెల్లి తీస్తలేడు. అమ్మ యాదికి.”

గుర్తుల గడిలో నేను రాసుకున్నాను: ‘లేడీస్ వాచ్’. ఆమె ఫోనులో పదేళ్ల కిందటి ఫొటో ఒకటి ఉంది. తలపాగా, గుబురు మీసం. ఆ ఫొటో పట్టుకుని వార్డులోకి వెళ్లి అజ్ఞాతులందరి ముఖాలతో పోల్చి చూడడం నియమం. నేను జాబితా చూశాను. అందులో తెలుగువాళ్లెవరూ లేరు. లేడీస్ వాచ్ లేదు. మీసాలవాళ్లు లేరు. గుజరాతీ అంకెల గడియారం ఉన్న గుజరాతీ ముసలాయన ఒకరున్నారు. “లేడమ్మా, ఇక్కడ తెలుగాయన ఎవరూ లేరు” అని నేనే, ఈ నోటితోనే, చెప్పి పంపాను. వెనక వరుసలో ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. అది కారణమే కానీ సాకు కాదు.

ఆరో రోజు రెసిడెంట్ డాక్టరు ఒక కబురు తెచ్చాడు. ఏడో నంబరు కోలుకుంటున్నాడు, ఇంకో పది రోజుల్లో ఫిట్ అని రాస్తాను, మంచం కావాలి, ఆలోగా మనుషులు దొరక్కపోతే ఆశ్రయ గృహానికి పంపేద్దాం అన్నాడు. ఆ ఆశ్రయ గృహం వేరే జిల్లాలో ఉంది. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కారు, అన్నం పెడతారు, మంచం ఇస్తారు. చిక్కు వేరే చోట ఉంది. పేరు లేని మనిషికి అక్కడ ఒక పేరు పెడతారు. ఆ తరవాత అన్ని కాగితాల మీదా అదే నడుస్తుంది. అసలు పేరుతో వెతికేవాళ్లకు ఆ మనిషి ఇక దొరకడు. నా సర్వీసులో అలా పంపినవాళ్లలో మళ్లీ ఇల్లు చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఆ పది రోజులు నాకు ముఖ్యమయ్యాయి.

ఉన్న ఆధారం గడియారం ఒక్కటే. గుజరాతీ అంకెల గడియారం కాబట్టి సౌరాష్ట్ర వైపు ఏ పాత ఊళ్లోనో కొన్నదై ఉంటుందని నేను తీర్మానించుకుని, అటు పోలీసు స్టేషన్లకు వరసగా సమాచారం పంపించి రెండు రోజులు పాడు చేసుకున్నాను. అప్పుడు హస్ముఖ్‌భాయ్ గుర్తొచ్చాడు.

హస్ముఖ్‌భాయ్ మా ఆసుపత్రి గోడ గడియారాలను ఇరవై ఏళ్లు బాగుచేసిన మనిషి. పాత సూరత్‌లో గోపీపురాలో ఇల్లు, కిందనే దుకాణం. డెబ్బై మూడేళ్ల వయసు, ఒంట్లో చక్కెర. కొడుకు ఆయనను గడప దాటనివ్వడం లేదు. నేను వెళితే బాల్కనీలోంచి తాడుకు కట్టిన బుట్ట దించాడు. సీలు వేసిన వస్తువును ఆసుపత్రి దాటించకూడదు కాబట్టి నేను తీసుకెళ్లినవి ఫొటోలే. బుట్టలో వేశాను. పైకి లాక్కుని, ఒంటి కంటికి భూతద్దం తగిలించుకుని చూసి, పైనుంచే కోప్పడ్డాడు.

“ఇవి పెళ్లిచూపుల ఫొటోలు బేన్! ముఖం ఒక్కటే తీశారు. నాకు ఒళ్లంతా కావాలి.”

ఎలా తీయాలో ఆయన చెప్పిన తీరు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. పట్టీ తగిలించే కొమ్ములను పక్కనుంచి తీయాలి, ఎందుకంటే ఒక్కొక్క తయారీదారు కొమ్ములను ఒక్కొక్క వంపులో పోస్తాడు. కీ ఇచ్చే బొత్తాం మీది పళ్లు లెక్కకు రావాలి. వెనక మూతను నిటారు వెలుతురులో కాదు, పక్కనుంచి పడే వెలుతురులో తీయాలి, అరిగిన గీత అప్పుడే కనపడుతుంది. అంకెల అంచులను మాత్రం ఎంత దగ్గరగా తీయగలిగితే అంత దగ్గరగా తీయమన్నాడు. మర్నాడు పర్యవేక్షకుడి అనుమతి రాయించి, ఇద్దరు సాక్షుల ముందు సీలు తీసి, పందొమ్మిది ఫొటోలు తీసి, మళ్లీ సీలు వేశాను. ఫొటోలు వాట్సాప్‌లో పంపాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. ఆ మాటలు నేను అప్పుడే డైరీలో రాసుకున్నాను. “ఈ ముఖం మళ్లీ దిద్దింది కాదు బేన్. దిద్దితే సిరా నిమిషాల గీతల మీదికి పాకుతుంది. ఇక్కడ అంచు కత్తితో కోసినట్టుంది, అంటే కార్ఖానాలోనే అచ్చు పడింది. కార్ఖానావాడు వేల ముఖాలు కొడతాడు, తొమ్మిదిని తప్పు రాయడు. ఇది తప్పు గుజరాతీ కాదు. ఇంకెవరిదో ఒప్పు.”

ఇంకెవరిది అని అడిగాను. తెలియదు, వెతకాలి అన్నాడు.

ఆయన ఎక్కడ వెతికాడో చెప్తే మీరు నవ్వుతారు. హస్ముఖ్‌భాయ్ దగ్గర గడియారాల ప్రకటనలు అతికించిన పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి. బాగుచేయమని తెచ్చేవాళ్లు గడియారాన్ని ఏదో ఒక పాత పేపర్లో చుట్టి తెస్తారు కదా. ఆ కాగితాన్ని ఆయన ఎన్నడూ పారేయలేదు. మడతలు సాపు చేసి, అందులో గడియారం బొమ్మ ఉన్న ప్రకటన ఏదైనా కనిపిస్తే కత్తిరించి పుస్తకంలో అంటించాడు. నలభై ఏళ్లకు పైగా ఇదే పని. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా, ఉర్దూ, అన్నీ ఉన్నాయి. సూరత్‌కు ఎన్ని ఊళ్ల జనం బతుకుతెరువు కోసం వచ్చారో అన్ని లిపులు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. చదవడం రాని భాషవి ఎందుకు దాచావని ఒకసారి అడిగితే, “నాకు అక్షరం రాకపోతే ఏం, కొమ్ముల వంపు చదవడం వచ్చు” అన్నాడు. ప్రతి ప్రకటన కిందా ఆ గడియారం రకం, అందులో ఏ యంత్రం ఉంటుంది, ఏ భాగం త్వరగా అరుగుతుంది అని పెన్సిలుతో రాసుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. నేను పనిచేసిన శాఖలో అంత క్రమంగా రికార్డు ఉంచిన ఆఫీసును నేను చూడలేదు, నా ఆఫీసుతో సహా.

నాలుగు రోజులు పట్టింది. పన్నెండో రోజు ఉదయం పదిన్నరకు నా ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. కింద ఆయన గుజరాతీలో రాసిన మాట: ‘పదకొండో పుస్తకం. కొమ్ములు అవే, బొత్తాం అదే, ముఖం అదే. లిపి మీ దక్షిణాది జిలేబీలా ఉంది. మీకేమైనా తెలుస్తుందా?’

బొమ్మ పెద్దది చేశాను. పసుపెక్కిన కాగితం. పైన మన గడియారమే, నాలుగు అంకెలతో. కింద తెలుగు.

‘తెలుగు అంకెల చేతి గడియారము! పదిహేడు రాళ్ల యంత్రము. చేనేత సహకార సంఘములకు, పాఠశాలలకు బహుమానముగా నొసంగ దగినది. ఒకే సైజు. పదికి మించి కొన్నచో లోపలి మూతపై గ్రహీత పేరు ఉచితముగా చెక్కి ఇవ్వబడును.’ దుకాణం పేరు ఉండాల్సిన చోట జిగురు మరక.

నేను పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నదాన్ని. మా నాన్న బడిపంతులు. తెలుగు అంకెలను ఒకటో తరగతిలో పలక మీద ఒకసారి దిద్దించి వదిలేశారు, ఆ తరవాత పంచాంగంలో తప్ప ఎక్కడా చూడలేదు. నా భాష అంకెలు నా కళ్ల ముందు పన్నెండు రోజులు ఉంటే, వాటిని తప్పు గుజరాతీ అనుకున్నాను. వాటిని అనుమానించింది తెలుగు ముక్క రాని హస్ముఖ్‌భాయ్!

ఏడో నంబరు తెలుగువాడై ఉండాలి. వెంటనే విచారణ రిజిస్టరు తిరగేశాను. ఆ నెలలో తెలుగువాళ్ల కోసం వచ్చిన విచారణలు ఆరు. గుర్తుల గడి వరసగా చూసుకుంటూ పోయాను. కాలి మీద మచ్చ, వెండి మొలతాడు, లేడీస్ వాచ్, పచ్చబొట్టు. జెంట్స్ వాచ్ ఎక్కడా లేదు. ఆ పేజీని దాటేశాను. అవును, రెండోసారి కూడా దాటేశాను.

ఇక మిగిలింది లోపలి మూత. మధ్యాహ్నం అనుమతి తీసుకుని, రికార్డు గదిలో కైలాస్‌బేన్, ఒక గుమాస్తా సాక్షులుగా మళ్లీ సీలు తీశాం. హస్ముఖ్‌భాయ్ వీడియో కాల్‌లో ఉన్నాడు. సర్జికల్ బ్లేడు తీసుకొస్తే “దాన్ని దూరంగా పెట్టండి, ఒక్కసారి జారితే యంత్రం పోతుంది” అని అరిచాడు. పాంట్రీలోంచి జామ్ పూసే మొద్దుకత్తి తెప్పించాం. కొమ్ముల మధ్య, మూత అంచున గోరు పట్టేంత పల్లం ఉంటుంది, అక్కడ ఆనించి తిప్పమన్నాడు. నాకు పల్లం దొరక్కపోతే కైలాస్‌బేన్ కత్తి లాక్కుని ఆమే తిప్పింది. టక్కుమని మూత ఊడింది.

లోపల సన్నని గీతలు చాలా ఉన్నాయి. అవి బాగుచేసినవాళ్లు ఎవరికివారు గోకుకునే గుర్తులట. వాటి కింద, మూత మధ్యలో, చెక్కిన అక్షరాలు కొత్తగా మెరుస్తున్నాయి. ‘శ్రీమతి రాజవ్వకు, నేతలో ౧వ బహుమానము.’ మూతి మూయని సున్నా అక్కడా ఉంది. అది ఒకటి.

“ఎవరి పేరు?” అంది కైలాస్‌బేన్.

“ఆడమనిషి పేరు” అన్నాను.

“మగవాళ్ల గడియారంలో ఆడమనిషి పేరెందుకు?”

ఆ ప్రశ్న కైలాస్‌బేన్ నోట్లోంచి రావడమే ఆలస్యం, తెరకు అటువైపు నిలబడిన లక్ష్మి గొంతు నా చెవిలో పడింది. మా అమ్మ గడియారం. లేడీస్ వాచ్ అని ఆమె అనలేదు. అది రాసింది నేను. అమ్మది కాబట్టి ఆడవాళ్ల గడియారమే అయి ఉంటుందని, ఒక్క క్షణం ఆగకుండా, ఆమె మాటను నా మాటలోకి మార్చి రాసుకున్నాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది.

మూత బిగించి, హస్ముఖ్‌భాయ్ చెప్పినట్టు ఇరవై చుట్లు కీ ఇచ్చాం. కొట్టుకోవడం మొదలుపెట్టింది. గడియారాన్ని పారదర్శకమైన సంచిలో పెట్టి, కిట్ వేసుకుని వార్డులోకి వెళ్లాను. రెసిడెంట్ డాక్టరు వెంట వచ్చాడు. ఏడో నంబరు పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ మంచం పక్కనుంచి నేను అంతకుముందు నాలుగైదుసార్లు వెళ్లాను, ప్రతిసారీ గుజరాతీలోనే పలకరించాను.

“కొమురయ్య పెద్దయ్యా,” అన్నాను. “రాజవ్వ ఎవరు?”

తల తిరిగింది. నా ముఖం మీద మాస్కు, కళ్లజోడు, తెర, అన్నీ ఉన్నాయి. అయినా చూశాడు. బాగున్న ఎడమ చేయి దుప్పటిలోంచి తీసి, ఆ మణికట్టును మంచం కమ్మీకేసి మెల్లగా రెండుసార్లు కొట్టాడు. గడియారం ఉండే చోటు.

కళ్లు మూసుకో అన్నాను, మూసుకున్నాడు. నోరు తెరువు అన్నాను, తెరిచాడు. రెండు వేళ్లు చూపెట్టు అంటే చూపెట్టాడు. డాక్టరు “అరే, ఈయనకు అంతా అర్థమవుతోంది!” అని గట్టిగా అనేశాడు. చదువుకున్న పిల్లవాడు, తన కాగితం తనే తప్పని ఆ క్షణమే ఒప్పుకున్నాడు, అందుకు అతనంటే నాకు గౌరవం. పక్షవాతం దెబ్బకు ముందు పెద్దాయనకు హిందీ కొంత వచ్చేదేమో, ఇప్పుడు లోపల మిగిలింది తెలుగు ఒక్కటేనని తరవాత వివరించాడు. కేసు పేపరు మీద పాత మాట కొట్టేసి, ‘తెలుగులో చెప్పింది పూర్తిగా అర్థం చేసుకుంటున్నాడు’ అని రాసి సంతకం చేశాడు. సంచిలోని గడియారాన్ని పెద్దాయన చేతికిచ్చాను. ఒంటి చేత్తో కీ ఇవ్వడానికి చూశాడు, కుదరలేదు. నా వైపు చాచాడు. తీసుకున్నాను. అప్పటికే నిండా ఇచ్చి ఉంది, అయినా ఒక చుట్టు తిప్పినట్టు నటించాను.

బయటికి వచ్చి లక్ష్మికి ఫోన్ చేశాను. తండ్రి దొరికాడని చెప్పగానే అవతల చాలాసేపు ఏడుపు వినిపించింది. ఆ తరవాత ఆమె అన్న మాట నేను దాచుకోను.

“మీరే గదా మేడం, లేడన్నరు?”

“నేనే అన్నానమ్మా. తప్పు నాదే.”

ఆమె తిట్టలేదు. తిడితే నాకు కాస్త తేలికయ్యేది. వీడియో కాల్‌లో తండ్రిని చూసి, “నాయినా, మీసాలేడ వోయినయే?” అంది. ఆయన నవ్వాడు, మూతి ఒకవైపే కదిలింది. మగవాళ్ల గడియారం అమ్మదెలా అయిందని ఆ రోజే అడిగాను. “సంఘంల బహుమానం మేడం. మగోళ్లందరిని ఓడగొట్టింది మా అమ్మ. వాళ్ల కాడ ఒక్కటే సైజు ఉండెనట. గంత పెద్దది నాకెందుకు అని అమ్మ పెట్టెల పెడితే, నువ్వు గెల్సింది పెట్టెల ఉంటదా అని నాయినే ఆమె చేతికి కట్టిండట. సచ్చిపోయేదాక విప్పలే. గా తర్వాత నాయిన కట్టుకున్నడు” అని చెప్పింది. ఒకే సైజు అన్న మాట ప్రకటనలోనే ఉంది. చదివాను కానీ పట్టించుకోలేదు.

పదహారో రోజు కొమురయ్యను కూతురింటికి డిశ్చార్జి చేశాం. వస్తువులు అప్పగించేటప్పుడు యాదీలో తప్పు దిద్దాలి. తప్పు మీద ఒకే ఒక గీత గీయాలి, కింది అక్షరం కనపడాలి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ‘గుజరాతీ అంకెలు’ మీద గీత గీసి ‘తెలుగు అంకెలు’ అని రాసి కైలాస్‌బేన్ సంతకం చేసింది. నా రిజిస్టరులో ‘లేడీస్ వాచ్’ మీద నేను గీత గీశాను. పక్కన లక్ష్మి ఆ రోజు చెప్పిన మాటను చెప్పినట్టే రాశాను: ‘చేతికి మా అమ్మ గడియారం.’

ఆదివారం గోపీపురా వెళ్లి హస్ముఖ్‌భాయ్‌కి సంగతంతా చెప్పాను. ఏం తెచ్చి ఇవ్వమంటారు అని బాల్కనీ కిందనుంచి అడిగితే, బుట్టలో పదకొండో పుస్తకం దించాడు. “ముప్ఫై ఏళ్లయింది ఇది అంటించి. ఇందులో ఏముందో ఒక్కసారి చదివి వినిపించండి” అన్నాడు. మాస్కు వేసుకునే, వీధిలో నిలబడి, గట్టిగా తెలుగులో చదివాను. తరవాత గుజరాతీలో అర్థం చెప్పాను. ఆయన పెన్సిలు, ఇంకో చిన్న కాగితం తీసుకుని రాసుకున్నాడు. ‘నొసంగ’ అన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చెప్పమన్నాడు. ఎదురింటివాళ్లు కిటికీలు తెరిచి చూశారు. ఇలాంటి మనుషులు ఒక్కొక్క వీధికి ఒకరుంటే మా శాఖకు సగం పని తగ్గుతుందని నేను అనుకుంటాను.

రిటైరయ్యే ముందు కొత్తగా చేరినవాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చే పని నాకు పడింది. సామాన్ యాదీ నమూనా ఒకటి తయారు చేశాను. పాత దానిలో ‘వివరం’ అని ఒకే గడి ఉండేది. దాన్ని రెండుగా చీల్చాను. ఒకటి ‘కనిపించింది’, రెండోది ‘అనుకున్నది’. విచారణ రిజిస్టరులోనూ అంతే, ‘వచ్చినవాళ్లు అన్న మాట’, ‘మనం అర్థం చేసుకున్నది’. మొదటి గడి నింపకుండా రెండోది నింపకూడదు. రెండోది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. ఒక కుర్రది లేచి, రెండో గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంచితే ఏమవుతుంది మేడం అని అడిగింది. ఏమీ కాదు, ఒక మనిషి మూడో రోజే తనవాళ్లకు దొరుకుతాడు అని చెప్పాను.